సవరణ ఒక్కసారే: గణిత పరీక్షలో సార్థక అంకెలు

గణిత పరీక్ష ముగిసినది. హాలు వెలుపల చెట్టు నీడన ముగ్గురు విద్యార్థులు నిలబడి తమ జవాబులను సరిచూసుకుంటున్నారు. ప్రశ్న కష్టమైనది కాదు. ఒక గోళము ఘనపరిమాణము 500 ఘన సెంటీమీటర్లు. దాని ఉపరితల వైశాల్యమును మూడు సార్థక అంకెలకు కనుగొనవలెను. మొదటివానికి వచ్చిన జవాబు 302 చదరపు సెంటీమీటర్లు. రెండవవానికి 304. మూడవవానికి 305. ముగ్గురూ ఒకే సూత్రమును వాడినారు. గుణకారములో గాని భాగహారములో గాని ఎవరూ పొరపాటు చేయలేదు. అయినను మూడు జవాబులు వచ్చినవి. వీటిలో సరియైనది ఒక్కటే, 305.

మిగిలిన ఇద్దరూ ఎక్కడ దెబ్బతిన్నారు? లెక్క చేయడములో కాదు, సంఖ్యను సవరించడములో. సవరించవలసిన చోటు ఒకటి ఉండగా వారు మరొక చోట సవరించినారు. ఇంత చిన్న విషయము వల్ల తెలిసిన లెక్కకు మార్కులు పోవడము ప్రతి సంవత్సరమూ జరుగుతూనే ఉన్నది. ఎన్ని అంకెలు ఉంచాలి, ఎప్పుడు సవరించాలి, ఎప్పుడు అసలు సవరించరాదు అన్న మూడు ప్రశ్నలకు సమాధానము తెలిస్తే ఈ నష్టమును చాలవరకు తప్పించుకోవచ్చును.

సార్థక అంకెలు అంటే ఏమిటి?

ఒక సంఖ్యను ఎడమ నుండి కుడికి చదివేటప్పుడు మొదట కనిపించే సున్న కాని అంకె నుండి సార్థక అంకెల లెక్క మొదలవుతుంది. 0.004567 అనే సంఖ్యలో సార్థక అంకెలు నాలుగు: 4, 5, 6, 7. వాటికి ముందున్న సున్నలు దశాంశ బిందువు స్థానమును చూపడానికే వచ్చినవి. 0.004567 మీటర్లను మిల్లీమీటర్లలో వ్రాస్తే 4.567 అవుతుంది, ఆ సున్నలు మాయమవుతాయి. ప్రమాణము మార్చగానే మాయమయ్యే సున్నకు సార్థకత లేదు.

అంకెల నడుమ ఉన్న సున్న మాత్రము సార్థకమే. 4.056లో నాలుగు సార్థక అంకెలు ఉన్నవి. దశాంశ బిందువు తరువాత చివర వచ్చే సున్న కూడ సార్థకమే. 2.5 అని వ్రాసినప్పుడు అసలు విలువ 2.45కు, 2.55కు నడుమ ఎక్కడైనా ఉండవచ్చును. 2.50 అని వ్రాస్తే అది 2.495కు, 2.505కు నడుమ ఉన్నదని చెప్పినట్లు. చివరి సున్న వల్ల సంఖ్య విలువ పెరగలేదు, తరగలేదు. కాని చదివేవారికి ఇచ్చిన హామీ పది రెట్లు గట్టిపడినది. మూడు సార్థక అంకెలు అడిగిన చోట 2.50 అని వచ్చిన జవాబును 2.5 అని వ్రాసిన విద్యార్థి తన చేతిలో ఉన్న హామీని తానే జారవిడిచినవాడు అవుతాడు.

దశాంశ బిందువు లేని పూర్ణ సంఖ్యల చివర ఉండే సున్నలతో ఒక చిక్కు ఉన్నది. హిమాలయ శిఖరమైన ఎవరెస్టు ఎత్తును భారత సర్వే శాఖ 1856లో 29,002 అడుగులని ప్రకటించినది. లెక్కలో సరిగా 29,000 అడుగులే వచ్చినదనీ, దానిని అట్లే ప్రకటిస్తే లోకులు ఉజ్జాయింపుగా చెప్పిన మాట అనుకుంటారని భయపడి రెండడుగులు చేర్చినారనీ ఒక కథ ప్రచారములో ఉన్నది. కథ నిజమైనా కాకపోయినా అందులోని ఇబ్బంది మాత్రము నిజమైనది. 29,000 అన్నప్పుడు ఆ మూడు సున్నలు కొలిచి రాబట్టినవా, చోటు నింపడానికి పెట్టినవా అన్నది చూపుతో తెలియదు. పది ఘాతముతో 2.9000 × 10⁴ అని వ్రాస్తే అయిదు అంకెలూ సార్థకమని, 2.9 × 10⁴ అని వ్రాస్తే రెండే సార్థకమని స్పష్టమవుతుంది.

సార్థక అంకెలను దశాంశ స్థానములతో కలిపి గందరగోళపడడము మరొక సాధారణమైన పొరపాటు. 0.04567ను రెండు దశాంశ స్థానములకు సవరిస్తే 0.05, రెండు సార్థక అంకెలకు సవరిస్తే 0.046. అదే 345.678ని రెండు దశాంశ స్థానములకు సవరిస్తే 345.68, రెండు సార్థక అంకెలకు సవరిస్తే 350. ప్రశ్నలో ఏ మాట వాడినారో రెండుసార్లు చదువుకొనుట మంచిది.

మధ్యలో సవరిస్తే ఏమవుతుంది?

ఇప్పుడు ఆ ముగ్గురు విద్యార్థుల లెక్కను విప్పి చూడవచ్చును. ఘనపరిమాణము 500 కావున, వ్యాసార్ధము ఘనము 1500ను 4π చేత భాగించగా వచ్చేది, అనగా 119.366… దాని ఘనమూలము 4.92372… ఇంతవరకు ముగ్గురి దారీ ఒక్కటే.

మొదటి విద్యార్థి ఇక్కడ ఆగి, వ్యాసార్ధమును 4.9 అని సవరించి, దానిని 4πr² అనే సూత్రములో ప్రతిక్షేపించినాడు. అతనికి 301.7 వచ్చినది, 302 అని వ్రాసినాడు. రెండవవాడు కొంత జాగ్రత్తపరుడు. జవాబు మూడు సార్థక అంకెలకు అడిగినారు గదా అని వ్యాసార్ధమును కూడ మూడు అంకెలకే, 4.92 అని సవరించినాడు. అతనికి 304.19 వచ్చినది, 304 అని వ్రాసినాడు. మూడవవాడు వ్యాసార్ధమును సవరించక, ఉన్న అంకెలన్నింటితో ముందుకు పోయినాడు. అతనికి 304.647 వచ్చినది. అప్పుడు, చివరి అడుగులో, ఒక్కసారి సవరించి 305 అని వ్రాసినాడు.

రెండవ విద్యార్థి సంగతి ముఖ్యముగా గమనించదగినది. అతడు అశ్రద్ధ చేయలేదు. నియమమును పాటించినాననే అనుకున్నాడు. కాని మూడు సార్థక అంకెలన్న నియమము జవాబుకే గాని మధ్య వచ్చే విలువలకు కాదు. వ్యాసార్ధములో అతడు వదిలినది 0.0037 మాత్రమే, అది మొత్తములో సుమారు 0.08 శాతము. వ్యాసార్ధమును వర్గము చేయగానే ఆ శాతము రెట్టింపయినది. 305లో 0.15 శాతము అంటే దాదాపు అర. మూడవ అంకెను 5 నుండి 4కు దించడానికి ఆ అర చాలినది. మధ్యలో వదిలిన కొంచెము తరువాతి గుణకారములలో, వర్గములలో పెరుగుతూ పోయి చివరి అంకెను తాకుతుంది.

ఒకే సంఖ్యను విడతలు విడతలుగా సవరించడము కూడ ఇటువంటి దోషమే. 3.4467ను రెండు సార్థక అంకెలకు సవరించవలెననుకొందాము. మూడవ అంకె 4. అది 5 కన్న తక్కువ, కావున జవాబు 3.4. కాని ఒకడు దీనిని మొదట 3.447 అనీ, తరువాత 3.45 అనీ, ఆ తరువాత 3.5 అనీ సవరిస్తే, ప్రతి అడుగూ సరియైనదిగానే కనబడుతుంది. చేరిన చోటు మాత్రము తప్పు. సవరణ ఎప్పుడూ మూల సంఖ్యనుండే జరగవలెను, సవరించిన సంఖ్యనుండి కాదు.

ఈ దోషము పరీక్షా పత్రములకే పరిమితము కాదు. కెనడాలోని వాంకూవరు స్టాకు ఎక్స్ఛేంజివారు 1982 జనవరిలో ఒక ధరల సూచీని 1000 వద్ద ప్రారంభించినారు. వాటాలు చేతులు మారినప్పుడెల్లా కంప్యూటరు సూచీని తిరిగి లెక్కించి, మూడు దశాంశ స్థానముల తరువాత ఉన్న అంకెలను సవరించక కోసివేసేది. ఒక్కొక్కసారి పోయేది వెయ్యవ వంతుకన్న తక్కువే. కాని రోజుకు వేలసార్లు అట్లు కోసివేయగా 1983 నవంబరు చివరికి సూచీ 524 దగ్గరకు దిగజారినది. తప్పు కనిపెట్టి సరిగా లెక్కించి చూస్తే అది 1098 దాటి ఉండవలసినది. మార్కెట్టు పెరిగినా సూచీ సగానికి పడిపోయినట్లు చూపినది. చివర చేయవలసిన పనిని ప్రతి అడుగులో చేయడమే దీనికి కారణము.

దీనికి విరుగుడు సులభము. కాలిక్యులేటరు వాడనిచ్చే పరీక్షలలో మధ్య విలువను కాగితముపై వ్రాసి మరల నొక్కక, యంత్రములోనే ఉంచి ముందుకు పోవలెను. చేతితో చేసేటప్పుడు అడిగిన దానికన్న కనీసము రెండు అంకెలు ఎక్కువ ఉంచవలెను. పేపరు దిద్దేవారికి దారి తెలియడానికి r = 4.9237… అని చుక్కలు పెట్టి వ్రాస్తే, ఇది ఇంకా సవరించని విలువ అని తెలుస్తుంది. అన్నిటికన్న మేలైన పద్ధతి, ముందు అక్షరములతో లెక్క పూర్తిచేసి చివర సంఖ్యలను ప్రతిక్షేపించడము. పై లెక్కలో r ను తొలగిస్తే, ఉపరితల వైశాల్యము ఘనము 36πV² అని వచ్చును. ఇక మధ్యలో వ్యాసార్ధమే లేదు. సవరించాలన్న ఆశ కూడ పుట్టదు.

సవరించనే కూడని సందర్భములు

కొన్ని ప్రశ్నలకు దశాంశములతో పనే లేదు. ఒక స్తంభము మొదలు నుండి 30 మీటర్ల దూరములో నిలిచి చూస్తే దాని కొన 60 డిగ్రీల ఊర్ధ్వ కోణములో కనబడినది, ఎత్తు ఎంత? జవాబు 30√3 మీటర్లు. √3 విలువను 1.732గా తీసుకొనుమని ప్రశ్నలో ఉంటే 51.96 అని వ్రాయవలెను. అట్లు లేనప్పుడు 30√3 పూర్తి జవాబే. నిజానికి అదే కచ్చితమైన జవాబు. దానిని 52 అని వ్రాసిన విద్యార్థి జవాబును మెరుగుపరచలేదు, మొద్దుపరచినాడు. కచ్చితమైన విలువను కనుగొనుమన్నా, ఒక సర్వసమత్వమును నిరూపించుమన్నా √2, π వంటి వాటిని చివరివరకు అట్లే ఉంచవలెను. 1.41ని వర్గము చేస్తే 1.9881 వస్తుంది, 1.414ను వర్గము చేస్తే 1.999396 వస్తుంది. ఎన్ని అంకెలు తీసుకున్నా 2 రాదు. √2ను వర్గము చేస్తేనే 2 వస్తుంది.

మన పాఠశాలలలో ఎక్కువగా వాడే 22/7 గురించి కూడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. 22/7 అంటే π కాదు. 22/7 విలువ 3.142857…, π విలువ 3.141592… రెండూ మొదటి మూడు అంకెలలోనే కలుస్తాయి. వ్యాసార్ధము 7 సెంటీమీటర్లయిన వృత్తమునకు 22/7తో వైశాల్యము 154 వచ్చును; నిజమైన విలువ 153.94 కావున మూడు సార్థక అంకెలకు 154 సరియైనదే. వ్యాసార్ధము 70 అయితే 22/7తో 15,400 వస్తుంది. నిజమైన విలువ 15,393.8. నాలుగు సార్థక అంకెలకు సవరిస్తే ఇక్కడ రెండు విలువలూ విడిపోతాయి. 7 కొట్టివేయబడి చక్కని పూర్ణ సంఖ్య వచ్చినంత మాత్రాన జవాబు కచ్చితమైనదని భ్రమపడరాదు. π = 22/7 అని ప్రశ్నలో ఇచ్చినప్పుడు అట్లే వాడవలెను. ఇవ్వనప్పుడు 49π అని వదలడమో, ఎక్కువ అంకెలున్న విలువ తీసుకోవడమో మేలు.

ఈ వివేకము మన దేశములో కొత్తది కాదు. ఆర్యభటుడు 499 ప్రాంతములో రచించిన ఆర్యభటీయములో, 20,000 వ్యాసము గల వృత్తమునకు పరిధి 62,832 అని చెప్పినాడు. దీని ప్రకారము π విలువ 3.1416, అయిదు సార్థక అంకెలకు నేటి విలువతో సరిపోతుంది. అంత మంచి విలువను ఇచ్చి కూడ ఆయన దానిని ఆసన్నము, అనగా దగ్గరగా ఉన్నది, అని పేర్కొన్నాడు. దగ్గరి విలువను దగ్గరి విలువ అని చెప్పడమే శాస్త్రజ్ఞుని నిజాయితీ.

తీసివేతలో పొంచి ఉన్న ప్రమాదము

గుణకారములో దోషము మెల్లగా పెరుగుతుంది. తీసివేతలో ఒక్కసారిగా మీద పడుతుంది. x² − 100x + 1 = 0 అనే వర్గ సమీకరణమును తీసుకొందాము. దీని మూలములు 50 + √2499, 50 − √2499. √2499 విలువ 49.989999… ఒక విద్యార్థి దీనిని మూడు సార్థక అంకెలకు సవరించి 50.0 అనుకుంటే, చిన్న మూలము 50 − 50.0, అనగా సున్న అని వస్తుంది. సున్నను సమీకరణములో ప్రతిక్షేపించి చూస్తే ఎడమవైపు 1 మిగులుతుంది. అది మూలము కానే కాదు. సవరించక చేస్తే చిన్న మూలము 0.010001 వచ్చును, మూడు సార్థక అంకెలకు 0.0100.

దాదాపు సమానమైన రెండు సంఖ్యలను ఒకదానిలోనుండి మరొకటి తీసివేసినప్పుడు ముందున్న మంచి అంకెలన్నీ రద్దయిపోయి, తోకలోని అనుమానపు అంకెలే మిగులుతాయి. ఇటువంటి చోట తీసివేతనే తప్పించే ఉపాయము వెదకవలెను. ఈ సమీకరణములో మూలముల లబ్ధము 1. పెద్ద మూలము 99.99 అని కనుగొన్న తరువాత 1ని దానితో భాగిస్తే చిన్న మూలము సులభముగా, ఏ అంకే పోకుండ వస్తుంది.

గణితమునకు, భౌతిక శాస్త్రమునకు భేదము

భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో నేర్చిన నియమమును గణిత పరీక్షకు యథాతథముగా తెచ్చి కొందరు కష్టపడతారు. ప్రయోగశాలలో 7 సెంటీమీటర్లు అని వ్రాస్తే అది స్కేలుతో కొలిచిన విలువ. ఒక్క సార్థక అంకె గల కొలత. దాని నుండి వచ్చిన వైశాల్యమును అయిదు అంకెలతో వ్రాయడము లేని జ్ఞానమును ఉన్నట్లు చూపడమే. గణిత ప్రశ్నలో వ్యాసార్ధము 7 అంటే సరిగా 7 అని అర్థము. అది కొలిచినది కాదు, అనుకొన్నది. కావున దత్తములో ఒక్క అంకే ఉన్నదని జవాబును ఒక్క అంకెకు కుదించనవసరము లేదు. అట్లే శంకువు ఘనపరిమాణ సూత్రములోని 3, వ్యాసార్ధమునకు వ్యాసము రెట్టింపు అన్నప్పటి 2, తరగతిలోని విద్యార్థుల సంఖ్య — ఇవన్నీ కచ్చితమైన సంఖ్యలు. వీటి అంకెలు ఏ శాస్త్రములోనూ లెక్కలోకి రావు.

సరిగా 5 వచ్చినప్పుడు చేసే పనిలో కూడ భేదము ఉన్నది. గణితములో సాధారణముగా 5ను పైకి సవరిస్తారు: 2.745ను మూడు అంకెలకు 2.75 చేస్తారు. ఇంటర్మీడియట్ స్థాయి భౌతిక శాస్త్ర గ్రంథములలో తీసివేసే అంకె సరిగా 5 అయి దాని తరువాత ఏమీ లేనప్పుడు, ముందున్న అంకె సరి సంఖ్య అయ్యేటట్లు సవరించే పద్ధతి కనబడుతుంది. దాని ప్రకారము 2.745 కూడ, 2.735 కూడ 2.74 అవుతాయి. ఎల్లప్పుడూ పైకే సవరిస్తే కూడికలలో మొత్తము పైవైపు మొగ్గుతుంది గనుక ఆ పద్ధతి ఏర్పడినది. ఏ పరీక్షకు ఏ పద్ధతి అన్నది ఉపాధ్యాయులు ముందే చెప్పి ఉంచడము అవసరము.

ప్రశ్నాపత్రము ఏమి చెప్పుచున్నది?

ఎన్ని అంకెలు ఉంచవలెనన్న ప్రశ్నకు మొదటి సమాధానము ప్రశ్నాపత్రములోనే ఉంటుంది. కేంబ్రిడ్జి ఐ.జి.సి.ఎస్.ఇ. గణిత పరీక్షలో వేరుగా చెప్పనప్పుడు, కచ్చితము కాని జవాబులను మూడు సార్థక అంకెలకు, డిగ్రీలలోని కోణములను ఒక దశాంశ స్థానమునకు ఇవ్వవలెనని నియమము. ఇంటర్నేషనల్ బకలారియేట్ గణితములో జవాబు కచ్చితముగా ఉండవలెను, లేదా మూడు సార్థక అంకెలకు ఉండవలెను. మన విద్యార్థులు వేలాదిగా వ్రాసే జె.ఇ.ఇ. మెయిన్‌లో సంఖ్యారూప జవాబును సమీప పూర్ణాంకమునకు సవరించమని ఇటీవలి పత్రములలో అడుగుచున్నారు. అడ్వాన్స్‌డ్ పరీక్షలో రెండు దశాంశ స్థానముల మాట వస్తుంది. అక్కడ దారి చూచి మార్కులిచ్చే పరీక్షకుడు లేడు. యంత్రము జవాబు ఒక్కటే చూస్తుంది. మధ్యలో చేసిన సవరణ వల్ల 7.52 కాస్తా 7.48 అయితే 8కి బదులు 7 పడుతుంది; చేసిన శ్రమ అంతా వృథా.

నియమము కన్న అర్థము ముందు నడవవలసిన చోట్లు కూడ ఉన్నవి. 130 మంది విద్యార్థులను విహారయాత్రకు తీసుకొనిపోవడానికి 40 మంది పట్టే బస్సులు ఎన్ని కావలెనంటే, భాగహారములో 3.25 వస్తుంది. సవరణ నియమము ప్రకారము 3. కాని మూడు బస్సులు తీసుకొనిపోతే పదిమంది పాఠశాల గేటు దగ్గరే నిలిచిపోతారు. జవాబు 4. దీనికి భిన్నముగా, 3.8 మీటర్ల గుడ్డలో ఒక్కొక్క మీటరు ముక్కలు ఎన్ని వస్తాయంటే 4 కాదు, 3 మాత్రమే.

విద్యార్థి మనస్సులో నిలుపుకోవలసినది స్వల్పమే. కచ్చితమైన విలువను వీలైనంత దూరము కచ్చితముగానే ఉంచవలెను. మధ్యలో అంకెలను పారవేయరాదు. చివర ఒక్కసారి, మూల విలువనుండి, అడిగినన్ని అంకెలకు సవరించి, ఎన్ని అంకెలకు సవరించినాడో పక్కన వ్రాయవలెను. ఉపాధ్యాయుడు కూడ పేపరు దిద్దేటప్పుడు పద్ధతికి ఇచ్చే మార్కును, సవరణకు ఇచ్చే మార్కును విడదీసి, దోషము ఏ అడుగులో జరిగినదో అక్కడ సున్న చుట్టి చూపితే, చెట్టు కింద నిలబడిన ఆ ఇద్దరికీ తమ జవాబు ఎందుకు తప్పినదో తెలుస్తుంది. మరుసటి పరీక్షలో ముగ్గురికీ 305 వచ్చును.